పళ్లు తగలని ‘వ’

శుక్రవారం మధ్యాహ్నం మూడున్నరకు నాకు పరీక్ష అని మంగళవారం వాణి ఫోన్ చేసి చెప్పింది. తెర మీద ఒకటొకటిగా పన్నెండు మాటలు చూపిస్తారు, నేను పైకి చదవాలి. రెండు తప్పుల దాకా సహిస్తారు. మూడో తప్పు పడితే పాఠాల నుంచి తీసేసి క్యాప్షన్ల పనికి మార్చేస్తారు.

జీతం తగ్గదు, కంగారు పడకు అని కూడా అంది. వాణి బెంగళూరు ఆఫీసులో మా అందరి మీదా అజమాయిషీ చూసే మనిషి, మంచిదే. కానీ నా కంగారు జీతం గురించి కాదు. క్యాప్షన్లంటే ఎక్కడో ఎవరో మాట్లాడిన మాటల్ని చెవుల్లో పెట్టుకుని టైపు చేయడం. రెండేళ్లు ఆ పని చేశాను. రెండేళ్లూ నా నోటితో పనే పడలేదు. ఆరు నెలలుగా మాత్రం నేను మాట్లాడితే వినడానికి మనుషులు వచ్చి కూర్చుంటున్నారు. వాకాడు బస్టాండు వెనక సందులో పరుపులు కుట్టే నాగుల్ మీరా కూతురు నిషాత్ నోరు తెరిస్తే, ఇంగ్లండులో పిల్లలు నోట్సు రాసుకుంటున్నారు. ఆ రుచి తెలిశాక మళ్లీ నోరు మూసుకోమంటే ఎవరి వల్లవుతుంది?

నేను ఆన్‌లైన్లో నేర్పేది లాటిన్. లాటిన్ అంటే మొత్తం లాటిన్ కాదు, అర్థాలూ వ్యాకరణమూ చెప్పే మాస్టర్లు వేరే ఉన్నారు. నా వంతు ఉచ్చారణ ఒక్కటే. దానికోసం కంపెనీ వాళ్లు పద్నాలుగు పేజీల పుస్తకం ఇచ్చారు. లాటిన్ ధ్వనుల్ని ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు ఎలా పలకాలో అందులో ఉంటుంది. చిక్కంతా అక్కడే. అది ఇంగ్లీషు నోళ్ల కోసం రాసింది, నాదేమో వాకాడు నోరు. ‘నోట్’ అన్నప్పుడు వచ్చే ‘ఓ’ పలకండి, కాకపోతే చివర్న ‘ఉ’ వైపు జారనివ్వకండి అని రాశారు. మా నోట్‌లో ‘ఓ’ ఎక్కడికీ జారదు, పెట్టిన చోటే ఉంటుంది.

అందుకని నేనా పుస్తకాన్ని పక్కన పడేసి, ఒక పొడుగు నోటుబుక్కులో లాటిన్ మాటలన్నీ తెలుగు అక్షరాల్లో రాసుకున్నాను. దెబ్బకి తేటతెల్లమైపోయింది. లిబెర్ అంటే పుస్తకం, లీబెర్ అంటే స్వేచ్ఛ ఉన్నవాడు. అనుస్ అంటే ముసలామె, అన్నుస్ అంటే సంవత్సరం. పొట్టి, పొడుగు, ఒత్తు. మనం ఒకటో తరగతిలో పలకల మీద దిద్దిందే. ఇంగ్లీషు పిల్లలకు ఒత్తు పలకడం గగనం. రెండు ‘న’లు రాసి ఉన్నా ఒకటే పలికి ఊరుకుంటారు, సంవత్సరాన్ని ముసలామెను చేసేస్తారు. వాళ్లు సీజర్ అనే రాజు అసలు పేరు కైసర్. గూడూరులో మా మేనమామ పేరు ఖైసరే. ఈ సంగతి చెప్పాక ఆయన వారం రోజులు టీ కొట్టు దగ్గర కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

ఇంత బాగా సాగుతుండగా హానా వాళ్ల నాన్న కంపెనీకి ఉత్తరం రాశాడు. నాకు పరీక్ష పెట్టింది అందుకే. హానా పదకొండేళ్ల పిల్ల, మాట తడబడుతుంది. వాళ్ల స్కూల్లో లాటిన్ పైకి చదివే పోటీ ఉంది, దానికోసం నా దగ్గర చేరింది. దీర్ఘం వచ్చిన చోట వేళ్లు మడిచి లెక్కపెట్టమని నేర్పాను. వేళ్ల మీద ధ్యాస పడేసరికి ఆ పిల్లకు తడబాటు సగం తగ్గింది. వాళ్ల నాన్న అదంతా మెచ్చుకుంటూనే రాశాడు. చివర్లో మాత్రం, టీచరు ‘వ’ ఇదీ కాదు అదీ కాదు, మా అమ్మాయికి కూడా అదే పట్టుబడుతోంది, పోటీలో నవ్వుతారేమో అని భయంగా ఉంది అన్నాడు.

అబద్ధమైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని. నిజం కాబట్టే ఊరుకోలేకపోయాను.

లాటిన్‌లో మన ‘వ’ లేదు. ఉన్నది ఇంకొకటి. ‘వైన్’ అనే మాటలో మొదటి ధ్వని అని పుస్తకం తొమ్మిదో పేజీలో ఉంది. ఇంగ్లీషులో వైన్‌లు రెండు. ఒకటి తాగేది, ఒకటి ద్రాక్ష తీగ. రాత వేరు, పలుకు కూడా వేరేనట. లాటిన్‌కు కావలసింది తాగేది, దానికి పళ్లు పెదానికి తగలకూడదట. పుట్టి ఇరవై అయిదేళ్లకు నాకా సంగతి తెలిసింది. నేను రెండింటినీ ఒకటే వైన్ అంటాను, మా నాయనా అంతే, నాకు ఇంగ్లీషు చెప్పిన మాస్టరూ అంతే. చెవికి తేడా తెలియని దాన్ని నోరు ఎట్లా పలుకుతుంది?

బుధవారమంతా అద్దం ముందు గడిచింది. వియ, వీత, వెంతుస్. దారి, బతుకు, గాలి. ఫోన్లో రికార్డు చేసుకుని వింటే మూడూ అచ్చం వాకాడు ‘వ’లే. మైకులో లోపం అనుకుని కొత్త మైకు పెట్టుకున్నాను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు. సాయంత్రం మా నాయన దూది అంటుకున్న చొక్కాతోనే వచ్చి గుమ్మంలో నిలబడి కాసేపు విన్నాడు. ఈ భాష ఏ దేశంలో మాట్లాడతారని అడిగాడు. ఎక్కడా మాట్లాడరు, మాట్లాడేవాళ్లు పోయి వెయ్యేళ్లు దాటింది అన్నాను.

"మరి తప్పు పలికినావని చెప్పేదెవురమ్మే?" అన్నాడు.

నవ్వాల్సిన మాటే. నాకు ఏడుపొచ్చింది.

ఆ వెనకే అవ్వ వచ్చింది. మా నాయనమ్మ షంషున్నీసా, డెబ్బై ఆరేళ్లు. పొద్దుట్నుంచి పక్క గదిలో వింటూనే ఉంది. బల్ల మీదున్న నా నోటుబుక్కు తీసుకుని కంటికి దగ్గరగా పెట్టుకుంది. తెలుగు అక్షరాల్లో ఉన్న తెలియని మాటల్ని ఒక పేజీ, ఇంకో పేజీ చూసింది. ఏ అక్షరం రాలేదని అడిగింది. నేను చిరాకులో ఉన్నాను. "నీకు తెలీదులే అవ్వా, పో," అన్నాను. అవ్వ నోటుబుక్కును ఎక్కడిది అక్కడే పెట్టి, చీర కొంగుతో దాని అట్ట తుడిచి, లోపలికి పోయింది.

ఆ అట్ట తుడవడం నాకు ముల్లులా గుచ్చుకుంది. ఎందుకో చెప్పాలి.

మా ఇంట్లో ఉర్దూ రాదు, తాతల కాలం నుంచి తెలుగే. అవ్వ చిన్నప్పుడు పక్కనున్న కోట ఊళ్లో చదువు చెప్పే ఒక ఉస్తాద్ బీ దగ్గర ఖురాన్ చదవడం నేర్చుకుంది. అరబీ అక్షరాలు వచ్చు. కానీ ఏ అక్షరం గొంతులో ఎక్కడ పుట్టాలో, ఎక్కడ ఎంతసేపు సాగదీయాలో మరిచిపోకుండా ఒక నోటుబుక్కులో తెలుగులో రాసుకుంది. దీర్ఘం వచ్చినప్పుడల్లా వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంటూ పైకి చదివేది. హానాకు నేను నేర్పిన పద్ధతి అదే. నా సొంత తెలివి అని వాణికి చెప్పుకున్నాను.

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు పండక్కి నెల్లూరు నుంచి చుట్టాల పిల్లలు వచ్చారు. ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్లు, మా మీద కొంచెం చిన్నచూపు ఉన్నవాళ్లు. వాళ్లకు అవ్వ నోటుబుక్కు దొరికింది. అరబీని తెలుగులో రాసుకుని చదువుతుందంట అని దాన్ని వరండాలో పైకి చదివి పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. నన్ను వాళ్లలో ఒకదానిగా లెక్కేసుకోవాలని అందరికంటే గట్టిగా నవ్వాను. తిరిగి చూస్తే గుమ్మంలో అవ్వ ఉంది. నోటుబుక్కు తీసుకుని కొంగుతో అట్ట తుడుచుకుని లోపలికి పోయింది. ఆ రోజు నుంచి అవ్వ చదువు పైకి వినపడలేదు. పెదాలు కదులుతాయి, అంతే. పదమూడేళ్లు. ఇంట్లో ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు. నేను అసలే ఎత్తలేదు.

గురువారం హానాకు పాఠం. పోటీ వచ్చే బుధవారం. పిల్ల వేళ్లు మడుస్తూ పద్యం మొత్తం ఆగకుండా చదివింది. ‘వ’ దగ్గరికి వచ్చినప్పుడల్లా నా లాగే పలికి, తప్పు చేసినట్టు కళ్లు దించుకుంది. నా తప్పుకు ఆ పిల్ల కళ్లు దించుకోవడం నేను తట్టుకోలేకపోయాను. చివర్న, సోమవారం కూడా మీరే వస్తారు కదా అని అడిగింది. వస్తాను అని మాటిచ్చేశాను. సాయంత్రం వాణి ఫోన్లో పన్నెండు మాటలు చదివించింది. అయిదు తప్పులు.

శుక్రవారం మధ్యాహ్నం రెండున్నర దాటింది. అవ్వ నమాజు ముగించుకుని, మడత చెక్క రెహలు మీద ఖురాన్ పెట్టుకుని చదువుతోంది. నేను మంచినీళ్లకని అటు పోతూ ఆగాను. గొంతు లేదు, పెదాలు మాత్రం కదులుతున్నాయి. కదులుతూ కదులుతూ ఒకచోట గుండ్రంగా ముందుకొచ్చి విచ్చుకున్నాయి. రెండు క్షణాలకు మళ్లీ. మళ్లీ. అరబీలో ‘మరియు’ అనే మాట ఒకే ఒక్క అక్షరం, అది ప్రతి వరుసలోనూ వస్తుంది. దాని పేరు వావ్. అది పలికేటప్పుడు అవ్వ పళ్లు పెదానికి తగలడం లేదు.

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. పనికిరాదని పీకి పారేసింది నేనే.

అడగాలి. గోడ గడియారం రెండూ నలభై చూపిస్తోంది. సోమవారం వస్తానని ఇచ్చిన మాట గుర్తొచ్చింది. పోయి అవ్వ ఎదురుగా చాప మీద కూర్చున్నాను.

"అవ్వా, ఒక్కసారి పైకి చదువు."

అవ్వ పుస్తకంలోంచి కళ్లెత్తలేదు. "నవ్వేదానికా?" అంది.

పదమూడేళ్లు ఆ మాట ఆమె నోట్లోనే ఉంది.

"ఆ రోజు నవ్వినాను అవ్వా. అందరికంటే గట్టిగా నేనే నవ్వినాను. తప్పు నాది."

"తెలుసు. నీ నవ్వు నాకు తెలీదా," అంది.

గుర్తుకు దారం పెట్టి పుస్తకం మూసింది. గుడ్డలో చుట్టింది. ముడి వేసింది. లేచి పోతుందనుకున్నాను, పోయినా అడిగే హక్కు నాకు లేదు. అవ్వ కాసేపు ముడి మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది.

"అటక మీద ఊదుగొట్టం ఉండాలి, తీసకరాపో," అంది.

గ్యాసు వచ్చాక మా ఇంట్లో ఎవరూ దాన్ని ముట్టలేదు. తుప్పు తోమి కడిగి తెచ్చాను. పొయ్యి ఊదినట్టు ఊదమంది. ఊదాను. గొట్టం లాగేసి, నోరు అట్లాగే ఉంచి ‘ఆ’ అనమంది. ‘ఊ’లోంచి ‘ఆ’లోకి పోయేసరికి మధ్యలో ఏదో మెత్తగా పుట్టింది. నా నోట్లో అంతకు ముందెప్పుడూ పుట్టనిది. వెంటనే ‘వియ’ అనబోతే మళ్లీ పాత ‘వ’ వచ్చేసింది.

అప్పుడు అవ్వ తన చూపుడు వేలు నా కింది పెదవి మీద పెట్టింది.

"మా ఉస్తాద్ బీ ఇట్టనే పెట్టేది. పన్ను తగిలిందంటే నా వేలు కొరుకుతావు. కొరక్కుండా చెప్పు."

కొరికాను. మళ్లీ కొరికాను. వీత దగ్గర కొరికాను, వెంతుస్ దగ్గర కొరికాను. అవ్వ వేలు తియ్యలేదు. దాని మీద నా పంటి గుర్తులు కనపడుతున్నాయి. పెద్దదాని వేలు కొరుకుతున్నానన్న బాధతో నోరు దానంతటదే జాగ్రత్త పడింది. మూడూ పది అయ్యేసరికి వరుసగా ఆరు మాటలు కొరక్కుండా చెప్పాను. ఇక పో, నేను గుమ్మం దగ్గర కూర్చుంటాను అంది అవ్వ.

మూడున్నరకు తెర మీద తెల్ల జుట్టు పెద్దావిడ కనపడింది. చేతిలో పెన్సిలు, ముందు కాగితం. పలకరింపు అయ్యాక నేరుగా పనిలో దిగింది. పెన్సిలు కదిలితే తప్పు, కదలకపోతే ఒప్పు అని ముందే చెప్పింది.

వియ. కదల్లేదు. వీత, వెంతుస్. కదల్లేదు. నాలుగోది వుల్పేస్, నక్క. ‘ఊ’లోంచి ‘ఉ’లోకే పోవాలి, పెదాలు ఎటు పోవాలో తెలియక పన్ను తగిలింది. పెన్సిలు కదిలింది. నొవుస్, నావిస్, సెర్వుస్ గట్టెక్కాయి. ఎనిమిదోది సల్వే, నమస్కారం అని. రోజూ పాఠం మొదట్లో అనే మాట కావడంతో పాత అలవాటు ముందుకు దూకింది. పెన్సిలు రెండోసారి కదిలింది.

ఇక ఒక్కటి పోతే అయిపోయినట్టే. తొమ్మిది, పది ఎలా పలికానో నాకు తెలియదు, పెన్సిలు కదల్లేదన్నది ఒక్కటే తెలుసు.

పదకొండోది వలే, సెలవు అని. పలికాను, బాగా వచ్చింది. సరిగ్గా అప్పుడే కిటికీ రెక్కలు గడగడలాడాయి, తలుపు గొళ్లెం టకటకా కొట్టుకుంది. దగ్గర్లోని షార్ కేంద్రంలో రాకెట్టు లేచింది. పక్క మేడ మీద పిల్లలు కేకలు పెట్టారు. మాకు అలవాటే గానీ, ఆ పెద్దావిడ ఉలిక్కిపడి, ఏమీ వినపడలేదు, మళ్లీ చెప్పమంది. వచ్చిందాన్ని మళ్లీ రప్పించడం రాని దాన్ని రప్పించడం కంటే కష్టం. ఉరుము తగ్గేదాకా ఆగాను. అవ్వ వేలు ఇంకా నా పెదవి మీద ఉందనుకున్నాను. కొరక్కూడదు అనుకున్నాను. వలే. పెన్సిలు కదల్లేదు.

పన్నెండో మాట తెర మీదికి వచ్చింది. అవియ.

ఆ మాట నా నోటుబుక్కులో ఉంది, పక్కన అర్థం కూడా రాసుకున్నాను. నాయనమ్మ. అవియ అంటే అవ్వ. మాటలు రానప్పటి నుంచి పన్ను పెదానికి ఆనించి పిలిచిన పిలుపు అది. మిగతా పదకొండు మాటలూ నా నోటికి కొత్తవి, దీన్ని మాత్రం పాతికేళ్ల అలవాటు కాచుకుని కూర్చుంది. మొదటి ‘అ’ అనగానే పళ్లు వాటంతటవే కిందికి దిగడం నాకు తెలిసింది. నోరు మూసుకుని ఆగాను. పెద్దావిడ ఎదురు చూస్తోంది. పొయ్యి ఊదినట్టు పెదాలు ముందుకు పెట్టాను.

"అవియ," అన్నాను.

పెన్సిలు కాగితం మీదికి వంగింది.

"ఏందమ్మే?" అంది వెనక నుంచి అవ్వ.

పెన్సిలు ఆగిపోయింది. ఎవరు మాట్లాడారని పెద్దావిడ అడిగింది. నేను బిక్కచచ్చిపోయి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మా నాయనమ్మ, గుమ్మం దగ్గర కూర్చుంది, మా భాషలో నాయనమ్మను అవ్వ అంటాము, నేను పిలిచాననుకుంది. క్షమించండి అన్నాను. ఆవిడ కాగితం వైపు చూసింది, నా భుజం మీదుగా గుమ్మం వైపు చూసింది. తర్వాత పెన్సిలును బల్ల మీద పెట్టేసింది.

"నువ్వు సరిగ్గానే పిలిచావని ఆమెకు చెప్పు," అంది.

రెండే తప్పులు. సోమవారం హానా పాఠం నాదే. ఆవిడ ఇంకా ఏదో చెప్పింది గానీ నా తలకెక్కలేదు. తెర నల్లబడగానే కుర్చీ తిప్పి, అవ్వా, గెలిచినాము అన్నాను.

అవ్వ పీట మీద కదలకుండా కూర్చుని ఉంది. కుడి చెయ్యి పైకెత్తి నాకు చూపించింది. రెండు వేళ్లు మడిచి ఉన్నాయి. నాలుగోదీ ఎనిమిదోదీ కొరికినావు, వినలేదనుకున్నావా అంది. ఆ రెండూ రేపు మళ్లీ చూద్దామంది. ఆ చేతి చూపుడు వేలు మీద నా పళ్ల గుర్తులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. నేను లేచిపోయి ఆ వేలు పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

సాయంత్రం అసర్ నమాజు అయ్యాక లోపలి గదిలోంచి అవ్వ చదువు వినపడింది. పైకే చదువుతోంది. గొంతు వాడకం లేక మొదట్లో జీరపోయింది, తర్వాత సర్దుకుంది. వంటింట్లో అమ్మ ఆ చదువు వినడానికి కుళాయి కట్టేసింది.